సేరు రాగుల గడువు

కుప్పం బడిపంతులు సత్యవేదంగారి కూతురు, పుంగనూరు ఆస్పత్రి నర్సు సుహాసిని మలయా పోవడానికి అన్నీ సిద్ధమే, ఒక్క సంతకం తప్ప. యుద్ధం ముగిసి ఏడాదయింది. అక్కడి రబ్బరు తోటల్లో మనవాళ్ళు జబ్బులతో రాలిపోతున్నారనీ, జీతం ఆశించకుండా ఏడాది సేవచేసే నర్సులు కావాలనీ కబురొచ్చింది. అమ్మ ఏడ్చి, ఊరుకుని, చివరికి తనే పెట్టె సర్దింది.

సెలవు కాగితం మీద సంతకం పెట్టాల్సిన మదనపల్లె డాక్టరమ్మ ప్రభావతి మాత్రం కలం మూత తియ్యలేదు. "నువ్వు పోతే పుంగనూరు కాన్పులు ఎవరు చూస్తారు? నమ్మకమైన మనిషిని చూపించు. పైవారం వస్తాను" అంది.

చూపించడానికి సిద్దమ్మ ఒక్కతే ఉంది. నలభై ఏళ్ళుగా మనుషుల పురుళ్ళూ పశువుల ఈతలూ ఆ ముసలమ్మ చేతిమీదే. చెయ్యి బంగారమే గానీ, బొడ్డు కోసే కొడవలిని కొంగుకి తుడిస్తే చాలనుకునే రకం.

సుహాసిని నేర్పితే, చేతులకు సబ్బు ఒక్కరోజులో పట్టుబడింది. కత్తెర ఇరవై నిమిషాలు ఉడకాలన్న దగ్గరే బండి దిగబడింది. సిద్దమ్మకు గడియారం చూడ్డం రాదు. నీళ్ళు మరగడమే ఆలస్యం, కత్తెర తీసేసేది. పైగా మూడోరోజు నుంచి సేరు రాగులు మూటగట్టుకొచ్చి, ఆస్పత్రి వంటింటి తిరగలి ముందు కూర్చునేది. "నువ్వు మంటకాడ ఉండి, అయినప్పుడు సెప్పు" అనేది.

"ఇంటిపని ఈడికి తెస్తావా అవ్వా? నా ప్రయాణం నీకు ఎగతాళిగా ఉండాదా?" అని కసిరింది సుహాసిని. తిరగలి ఆగలేదు.

డాక్టరమ్మ వచ్చిన పొద్దునే రెడ్డెమ్మ అనే ఆమె నొప్పులతో వచ్చింది. "నువ్వు నోరు మెదపకు" అని సుహాసినిని పక్కన నిలబెట్టింది డాక్టరమ్మ. సిద్దమ్మ చేతులు కడిగి, రెడ్డెమ్మ పొట్ట తడిమి, "ఇంకా టయిముండాది" అంది. కత్తెరా దారమూ పొయ్యిమీద పెట్టింది. నీళ్ళు మరిగాక, తాపీగా పోయి తిరగలి ముందు చతికిలబడింది.

ఓడ వెళ్ళిపోయినట్టే అనుకుంది సుహాసిని.

"పురుడు పొయ్యడానికొచ్చావా, పిండి విసరడానికొచ్చావా?" డాక్టరమ్మ గొంతు లేచింది.

"కత్తెర ఉడకొద్దా తల్లీ! సేరు రాగులు ఇసిరేదాకా దాన్ని ముట్టను. పన్నెండేండ్లప్పుడు పట్టినాను ఈ రాయి. నీ గడియారమన్నా నిలిసిపోతాదేమో, నా సెయ్యి తప్పదు."

డాక్టరమ్మ చేతిగడియారం వైపు చూస్తూ నిలబడింది. చివరి గుప్పెడు నలిగింది. సిద్దమ్మ లేచి, మళ్ళీ సబ్బుతో చేతులు కడిగి, అప్పుడు తీసింది కత్తెర.

"ఇరవైమూడు నిమిషాలు" అంది డాక్టరమ్మ మెల్లగా.

మధ్యాహ్నానికి రెడ్డెమ్మకు పుట్టిన ఆడబిడ్డ ఏడుపు వీధిదాకా వినిపించింది. డాక్టరమ్మ కలం మూత తీసింది. సుహాసిని ముసలమ్మను వాటేసుకుని, "ముందే సెప్పొచ్చు కదవ్వా!" అంది, సంతోషం పట్టలేక.

"సెప్పుంటే గడియారమే నేర్సుకోమందువు."

ఆ వారంలో ఇంకో రెండు పురుళ్ళు సిద్దమ్మ ఒక్కతే పోసింది. సుహాసిని కుప్పం బస్సెక్కి కూర్చోగానే ఒళ్ళో ఒక మూట పడేసింది.

కుప్పంలో మద్రాసు రైలు వచ్చే వేళకు అమ్మ ఆ మూట చూసింది. "మూడు సేర్ల రాగిపిండి! పెట్టెలో సోటు యాడుండాది? ఓడలో ఇది యాల?"

"పిండి కాదమ్మా, ముగ్గురు బిడ్డలు" అని జరిగింది చెప్పింది సుహాసిని.

అమ్మ పెట్టె తెరిచి, రెండు చీరలు తీసేసి, మూట పెట్టింది.