సాయవ్వ పంపిన మనిషి

పెరటి తలుపులోంచి బయటికి వచ్చి, సందు చుట్టూ తిరిగి, సాయవ్వ తన ఇంటి వీధి తలుపే తట్టింది. లోపల కుర్చీలో ఉన్న భర్త రాజనర్సు ఎవరని అడిగాడు. సాయవ్వ పంపిన పనిమనిషినని చెప్పింది. అలా చెబితేనే ఒంటి మీద చెయ్యి వెయ్యనిస్తాడు.

బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో బతుకంతా చాకిరీ చేసి, అది మూతపడ్డాక ఇంటిపట్టున ఉన్న మనిషి. మతిమరుపు జబ్బు మొదట ఊరి దారులు మరిపించింది, తర్వాత పెళ్లాం మొహం. పరాయి ఆడది తన చొక్కా విప్పుతోందని ఒకరోజు చెంబు విసిరాడు. సాయవ్వ ఏడ్చి ఊరుకునే రకం కాదు. మర్నాడే పనిమనిషిగా చేరిపోయింది. జీతం లేదు, సెలవు అసలే లేదు.

ఆయన ఆమెను చెల్లె అంటాడు. తిరిగి 'అన్నా' అని పిలవడానికి ఆమెకు నోరు రాలేదు. ఏ పిలుపూ లేకుండానే మాట్లాడుతుంది. నీళ్లు పోస్తుంది, గడ్డం గీస్తుంది, బుజ్జగించి తినిపిస్తుంది. తర్వాత చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతుంది. రాత్రిళ్లు ఆయన డ్యూటీకి పోతానని లేస్తాడు, ఇక ఆమెకు నిద్రెక్కడిది? కాసేపు తను చూస్తానని ఎదురింటి భూమవ్వ ఎన్నిసార్లన్నా వినలేదు. తను పక్కన లేని పూటే ఆయన ప్రాణం పోతుందేమోనని భయం. ఆమె అంత గట్టి మనిషి ఆ వాడలో ఇంకొకరు లేరు.

ఆ మధ్యాహ్నం బీడీ చుడుతూనే తూలింది. కత్తెర జారి కింద పడింది. రాజనర్సు ఆమె మొహంలోకి చూశాడు.

"పానం బాగలేదా చెల్లె? ఇంటికి వోయి పండుకో. మా సాయవ్వ గిట్లనే, సెప్తె ఇనది. నువ్వన్న ఇను."

ఆమెను పడుకోమని ఆయన చెప్పి ఎన్నేళ్లయిందో. "గట్లనే" అంది. భూమవ్వను ఆయన దగ్గర కూర్చోబెట్టి, వాళ్లింట్లో చాప మీద వాలింది. ఒళ్లు తెలియని నిద్ర పట్టేసింది.

పొద్దు వాలుతుండగా భూమవ్వ వచ్చి లేపింది. తిన్నాక కుర్చీలోనే తల వాల్చాడని, కునుకనుకున్నానని, పిలిస్తే పలకలేదని చెప్పింది. సాయవ్వ పరుగెత్తింది. ఆ తొందరలోనూ వీధి తలుపు ముందు ఒక్క క్షణం ఆగి, తట్టకుండా లోపలికి పోయింది.

భూమవ్వ వెనకే వచ్చింది.

"సగమే తిన్నడక్కా. పనామె పొద్దటిసంది ఏం తినలే, లేసినంక వెట్టుమన్నడు."

కుర్చీ పక్కన స్టూలు మీద, సగం జొన్నరొట్టె మీద ఒక స్టీలు గిన్నె బోర్లించి ఉంది.