ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయి

చేపల వేట నిషేధం రోజుల్లో బోగోలు దగ్గరి ఒక జాలర్ల పాళెంలో మగవాళ్లకు పని ఉండదు. బోట్లు ఒడ్డునే ఉంటాయి. వలలు బాగుచేసుకోవడం, బీడీలు కాల్చడం, నిన్న మాట్లాడిందే మళ్లీ మాట్లాడుకోవడం. అలాంటి రోజున నెల్లూరులోని ఒక ప్రైవేటు ఆసుపత్రి బస్సు పంపింది. పొగ తాగేవాళ్లకు ఊపిరితిత్తుల స్కానింగు ఉచితం, క్యాన్సరుంటే మొదట్లోనే దొరుకుతుందన్నారు. ఉచితమన్న చోట మనవాళ్లు చెప్పులు వేసుకోవడం కూడా మరిచిపోతారు. బస్సు నిండిపోయింది.

చిన్నపోలయ్యకు యాభై ఎనిమిదేళ్లు. రోజుకు రెండు కట్టల బీడీలు కాల్చే మనిషి. మేనల్లుడు పెంచల్‌తో కలిసి కొన్న బోటులో సగం వాటా ఆయనది. బస్సు దగ్గర పెంచల్ ఎగతాళి చేశాడు.

“లోపల పొగే తప్ప ఊపిరితిత్తులు కనపడవేమో మామా.”

“నీకు గుండెకాయే కనపడదు, పోరా.”

వారానికి ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయట. భార్య చెంచమ్మ చేతులెత్తి దండం పెట్టింది. మాట అక్కడితో ఆగలేదు. స్కానింగు ఫొటోలో కాలేయం అంచు కూడా పడిందట, దానిమీద ఏదో మచ్చ ఉందట, రమ్మన్నారు.

“నొప్పుండాదా నీకు?” అడిగింది చెంచమ్మ.

“ఏమీ లేదు.”

“అయితే గమ్మునుండు. ముందు కావలిలో పద్మనాభయ్య డాక్టరుకు చూపిద్దాం.”

“వలకు ఏదో తగిలితే లాగి చూడకుండా వదుల్తామా మే? వదిలేస్తే వలే చిరిగిపోతాది.”

అదీ ఆయన చదువు. నలభై ఏళ్లు సముద్రం నేర్పింది, నీళ్లలో ఎన్నడూ మోసం చేయలేదు. నేరుగా నెల్లూరు పోయాడు. ఒంటికి అది పనికిరాదని అక్కడ ఎవరూ చెప్పలేదు. రక్తపరీక్షలు చేశారు, సూదితో ముక్క తీసి చూడాలన్నారు. “తీసి చూసేయండి సార్” అని ఆయనే తొందరపడ్డాడు. సంతకం పెట్టమన్న కాగితం ఆయన చదవలేడు. చదివి చెప్పే తీరిక అక్కడెవరికీ లేదు.

సూది గుచ్చిన సాయంత్రమే కడుపులో నెత్తురు కారింది. పొట్ట కోసి ఆపారు. పదహారు రోజులు మంచం మీదే. ఆసుపత్రికి కట్టడానికి చెంచమ్మ బోటు వాటాను పెంచల్‌కే రాయించింది. డబ్బు ఇస్తూ వాడు తలెత్తలేదు.

“వాటా మామదే అనుకో అత్తా.”

“అనుకుంటే కూడు పుడతాదా అబ్బయా” అంది ఆమె.

ముక్క ఫలితం వచ్చింది. క్యాన్సరు కాదు.

వేట తెరిచిన రోజు పాళెం బోట్లన్నీ సముద్రంలోకి పోయాయి. చిన్నపోలయ్య చెంచమ్మతో కలిసి కావలిలో పద్మనాభయ్య గారి ముందు కూర్చున్నాడు. డాక్టరు కాగితాలన్నీ చదివి, మొదటి స్కానింగు రిపోర్టును మళ్లీ తీశాడు.

“ఇది రక్తనాళాల ముడి. పుట్టుమచ్చ లాంటిది. చాలామందికి ఉంటుంది, చచ్చేదాకా తెలియను కూడా తెలియదు. ప్రమాదం లేనట్టుంది, ముక్క తీయనక్కర్లేకుండా ఇంకో స్కానింగుతో తేల్చుకోవచ్చని ఇందులోనే రాసుంది. ఎవరూ చెప్పలేదా?”

“ఇంగ్లీషులో ఉండాది గదా సార్. మేమూ అడగలా.”

చెంచమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“వల ఎప్పటినుంచి లాగొచ్చు?” అన్నాడు చిన్నపోలయ్య.

“ఈ ఏడు ఆ మాటెత్తొద్దు. ఆ తర్వాత కూడా చెప్పలేను.”

“అయితే ఆ బస్సెక్కి పోవడమే తప్పంటారా?”

“కాదు. అన్నేళ్లు బీడీ కాల్చినవాడు ఊపిరితిత్తులు చూపించుకోవాల్సిందే. కానీ వెతకనిది కనపడితే ఏం చేస్తారు, అది చెడు చేసేదేనా, ఆగి చూస్తే ఏమవుతుంది అని బస్సెక్కకముందే అడగాలి. నువ్వు అడగకపోయినా చెప్పాల్సింది వాళ్లు.”

ఆ మాట చిన్నపోలయ్యకు ఆలస్యంగా అందింది. మీకు ముందే అందాలని ఇది రాయడం. కనపడిందేమిటో పేదవాడికి అర్థమయ్యే మాటల్లో చెప్పలేనివాళ్లకు వాడి ఒంట్లోకి తొంగిచూసే హక్కు లేదు.