పడమర వైపు గీతలు

నేను ఒక చెక్క గొర్రుని. దుక్కి అయ్యాక, మొక్కలు నాటేముందు నన్ను నేల మీద లాగుతారు. నా ఐదు పళ్ళూ ఐదు గీతలు గీస్తాయి. మీ మిరప రైతులు అచ్చు తోలడం అంటారే, అదే నా పని. పుట్టిన దగ్గర్నుంచీ గీతలు తప్ప నాకింకేమీ తెలీదు. ఆ గీతల వల్ల ఒక మనిషిని పట్టుకుపోయారంటే మీరు నమ్మరు. నేను ఇప్పటికీ నమ్మలేకపోతున్నాను.

నన్ను చేసినాయన పేరు టోకుజీ హమసాకి. కుర్రతనంలోనే జపాన్ వదిలి కాలిఫోర్నియా వచ్చాడు. ఒక పాత పడవ దూలాన్ని చిత్రిక పట్టి నన్ను తయారు చేశాడు. ముప్ఫై ఏళ్ళు అక్కడి మట్టి పిసికినా ఆయనకి పౌరసత్వం ఇవ్వడానికి అప్పటి చట్టం ఒప్పుకోలేదు. కౌలు పొలంలో స్ట్రాబెర్రీలు వేసేవాడు. అక్కడే పుట్టిన కూతురు ఫుమి మాత్రం పుట్టుకతోనే అమెరికా పౌరురాలు. తల్లి లేని పిల్ల. తండ్రి నన్ను లాగుతుంటే గట్టు మీద నిలబడి, "నాన్నా, మూడో గీత తాగి తూలుతోంది" అని వెక్కిరించేది. ఆయన నిజంగానే వెనక్కెళ్ళి మళ్ళీ గీసేవాడు. సూటి గీత అంటే అంత పిచ్చి.

ఆ చుట్టుపక్కల అందరి గీతలూ రోడ్డు వెంబడే ఉండేవి. మావి మాత్రం రోడ్డుకి అడ్డంగా, పడమరకి పోయేవి. పక్క పొలం ప్రాట్ గారికి అది వింతగా ఉండేది. ఒక ఏడాది వానకి నీళ్ళు నిలిచి ఆయన మొక్కలన్నీ కుళ్ళిపోయాయి. టోకుజీ కెటిల్లో మిగిలిన టీని దుక్కి మీద ఒంపాడు.

"నేలకి టీ పోస్తావేంటయ్యా, దానికేం తలనొప్పా?" అన్నాడు ప్రాట్.

"ఎటు పోతోందో చూడండి."

టీ నెమ్మదిగా పడమరకి పాకింది. ప్రాట్ మోకాళ్ళ మీద కూర్చుని మరీ చూశాడు. "అయితే నీళ్ళు ఎటు పోవాలో నేలే చెప్తుందన్నమాట" అన్నాడు. ఆ ఏడాది నన్ను అరువు తీసుకెళ్ళి తన గీతలూ అటే గీసుకున్నాడు. ఒక్క ఏడాదే. రోడ్డు మీద పోయేవాళ్ళు నవ్వుతున్నారని మళ్ళీ పాత పద్ధతికే పోయాడు.

ఇంతలో పడమర వైపున, మూడు మైళ్ళ దూరంలో సైన్యం ఒక విమానాల మైదానం కట్టింది. తర్వాత పెర్ల్ హార్బర్ మీద జపాన్ బాంబులు పడ్డాయి. ఎవరో గుట్ట మీద నుంచి మా పొలం చూసి సర్కారుకి ఉత్తరం రాశారట: ఆ జపానువాడి చాళ్ళు విమానాల మైదానానికి బాణంలా గురిపెట్టి ఉన్నాయి, పైనుంచి వచ్చే శత్రువుకి దారి చూపించడానికే అని. ఎంత ఊహో చూడండి. నేను గీసింది బాణమట. ఇద్దరు ఆఫీసర్లు వచ్చి నా పళ్ళ మధ్య దూరం కూడా టేపుతో కొలిచారు. టోకుజీ పొంగిపోయి, "ఒక్క అంగుళం తేడా రాదండీ, చూసుకోండి" అన్నాడు. తన పనితనం మెచ్చుకుంటున్నారనుకున్నాడు పాపం. వాళ్ళు అది కూడా రాసుకుని ఆయన్ని కారెక్కించారు.

విచారణ ఉంటుందన్నారు. లాయరుని పెట్టుకోనివ్వరు, కానీ ఎవరైనా తెల్ల పొరుగువాళ్ళు ఆయన గురించి ఉత్తరం రాసిస్తే చూస్తారు. ఫుమి పరుగున ప్రాట్ గారి దగ్గరికి వెళ్ళింది.

"నేల వాలు సంగతి మీకు తెలుసు కదండీ. అదొక్కటి రాయండి చాలు."

"రాస్తానమ్మాయ్. కోత కానీ."

కోతకి ఫుమి లేదు. పౌరురాలైనా సరే, జపాన్ రక్తం ఉన్నవాళ్ళందరూ ఖాళీ చెయ్యాలని ఆర్డరు వచ్చింది. మోయగలిగినంత సామానే. పండ్లు ఎరుపెక్కుతుండగా, పంతొమ్మిదేళ్ళ పిల్ల రెండు సూట్‌కేసులతో బస్సెక్కింది. తండ్రి ఒక రాష్ట్రంలో ముళ్ళకంచె వెనక, కూతురు ఇంకో రాష్ట్రంలో ఇంకో ముళ్ళకంచె వెనక.

మా పొలం ప్రాట్ కౌలుకి తీసుకున్నాడు. కోత బ్రహ్మాండంగా వచ్చింది. మరుసటి ఏడాది నన్ను షెడ్డులోంచి తీసి, కాసేపు తటపటాయించి, గీతలు పడమరకే గీశాడు. అవే గీతలు, అదే మైదానం వైపు. ఈసారి ఎవరికీ బాణం కనిపించలేదు.

"ఫుమి అడిగిన ఉత్తరం రాశారా?" అని గట్టు మీద నుంచి అడిగింది ఆయన భార్య.

"ఇప్పుడు రాస్తే, పొలం కోసం నేనే టోకుజీని పట్టించి నాటకాలాడుతున్నానంటారు. పైగా మననీ అనుమానిస్తారు."

టోకుజీ రెండో చలికాలంలో నిమోనియాతో ఆ కంచె వెనకే పోయాడు. చివరిచూపుకి ఫుమిని వెళ్ళనివ్వలేదు.

యుద్ధం అయ్యాక ఆమె వచ్చింది. ప్రాట్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"యుద్ధం కదమ్మాయ్. ఎవరు మంచివాళ్ళో ఎవరు కాదో ఏరడానికి దేశానికి టైమెక్కడిది? అందరినీ పంపడమే సేఫ్ అనుకున్నారు. ఎవరికి తెలుస్తుంది చెప్పు?"

"మీకు తెలుసు కదండీ" అంది ఫుమి.

ఆమె గొంతు పెంచలేదు. ఆయన షెడ్డులోకి వెళ్ళి, నన్ను తెచ్చి ఆమె ముందు పెట్టాడు. "మీ నాన్నది. తీసుకెళ్ళు."

ఆమె నా పళ్ళ మీద ఒక్కొక్కటిగా చెయ్యి పెట్టింది. "నేల లేదండీ. దీన్నేం చేసుకోను?" అని వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆమెని నేను చూడలేదు.

ఇప్పుడు నేను ఊరి మ్యూజియంలో, హాలు మధ్యలో ఉన్నాను. ప్రాట్ మనవడు ఇచ్చాడు. నా ముందు పెట్టిన అట్ట మీద దాతగా అతని పేరే ఉంది. పోయిన వారం బడిపిల్లలు వచ్చారు. వాళ్ళ టీచరమ్మ, "అప్పుడు జపాన్‌వాళ్ళని అలా పంపెయ్యడం సబబే అనేవాళ్ళు కిటికీ వైపు, కాదనేవాళ్ళు తలుపు వైపు, తేల్చుకోలేనివాళ్ళు మధ్యలో నిలబడండి" అంది. కిటికీ వైపు నలుగురు, తలుపు వైపు తొమ్మిదిమంది వెళ్ళారు. మిగిలిన వాళ్ళంతా వచ్చి నా చుట్టూ నిలబడ్డారు.

నేనూ మధ్యలోనే ఉన్నాను. నాకంటే కాళ్ళు లేవు.