మాటలు మరిచిన చరణం

పాట కంటే ముందు ఒక దగ్గు.

చిన్నది. గొంతు సవరించుకునే దగ్గు...

ఆ వెనకే డ్రమ్ము — ముందు చినుకులు, ఆపైన ఒక్కసారిగా జల్లు.

ఆ గొంతు అక్కది.

నలుగురున్న ఆ రాక్ బృందంలో అక్క డ్రమ్స్ వాయించేది. పాడటం బావ పని. గిటారూ అతనిదే. రెండో ఆల్బంలో ఎనిమిదో పాట ఒక్కటే అక్క పాడింది.

ఎవరూ పట్టించుకోలేదు. ఏ కచేరీలోనూ ఎవరూ అడగలేదు.

ఇప్పుడా ఆల్బం మళ్ళీ, పాతకాలపు నల్ల పళ్ళెం రికార్డుగా వస్తోంది. పాటలన్నీ అందులో పట్టడం లేదు. ఒకటి తీసెయ్యాలి. ఏదో తేల్చవలసింది తమ్ముడు — సౌండు ఇంజనీరు.

నిరుడు అక్క గొంతుకు ఆపరేషన్ జరిగింది. ప్రాణం దక్కింది. గొంతు దక్కలేదు. ఇప్పుడామె మాట ఒక గుసగుస — ఎండుటాకుల మీద గాలి.

"జాలిపడి ఉంచావో, ఊరుకోను," అంది అక్క, స్టూడియోలో కుర్చీ లాక్కుని కూర్చుంటూ. "బాగుంటేనే ఉంచు."

తమ్ముడు విన్నాడు.

బాగాలేదు. నిజంగానే బాగాలేదు.

రెండో చరణం అంటే మొదటి చరణమే, చొక్కా మార్చుకుని వచ్చింది. బావ గిటారు — వెళ్ళొస్తానంటూనే గుమ్మంలో నిలబడి కబుర్లు చెప్పే చుట్టం. అక్క పైస్థాయిని అందుకోబోయి, అందక, కిందనే సర్దుకుంది.

మళ్ళీ విన్నాడు.

మూడో చరణం. అక్క మాటలు మరిచిపోయింది.

మరిచిపోయి... ఆగలేదు. కూనిరాగం తీసింది.

ముందు కీబోర్డు ఆగింది. తర్వాత బేస్ గిటారు. చివరికి బావ గిటారు కూడా.

ముగ్గురు మగవాళ్ళు వాయించడం మాని వింటున్నారు — గాలి నిలిచిన చెట్లలా. మిగిలింది ఆమె డ్రమ్ము. ఆమె రాగం.

పాట ఆపాడు.

"అక్కా, పాట అంతంతమాత్రమే. కానీ ఆ కూనిరాగం ముక్క... అలాంటిది మీ ఆల్బమంతా వెతికినా లేదు."

"ఒక్క ముక్క బాగుందని పాటంతా భరించాలా?"

"బావని భరించట్లేదూ?"

అక్క నవ్వింది. చప్పుడు లేని నవ్వు. భుజాలు ఎగిరెగిరి పడ్డాయి. కళ్ళు తడిశాయి.

ఆపరేషన్ అయ్యాక తన పాత గొంతును ఆమె వినడం ఇదే మొదలు. ఇంట్లో ఎవరికీ వినిపించే ధైర్యం చాలలేదు.



"ఆ చరణంలో నాకు పాట సరిగా రాదనుకుంటారు బృందంలో అందరూ," అంది. "వచ్చు. మీ బావ తలెత్తి నా వంక చూశాడు... అంతే. మాటలు పోయాయి."

 తమ్ముడు ఆ ముక్కనే మళ్ళీ పెట్టాడు.

అక్క కళ్ళు మూసుకుంది. పెదాలు కదిలాయి — శబ్దం లేకుండా, స్పీకర్లోని తనతో కలిసి.

ఒక పాట పోవాలి. ఏదో ఇంకా తేలలేదు.

"బావకి ఫోన్ చేసి ఇది వినిపించనా?"

"ఆగు," అంది అక్క. "ఇంకోసారి విననీ."