చుట్టం వచ్చే దారి

నేను ఒక జీపీఎస్ యంత్రాన్ని. ఉపగ్రహాలను పలకరించి, నేల మీది మనిషికి తానెక్కడ నిలబడ్డాడో చెప్పడం నా పని. ఎందుకు నిలబడ్డాడో అతనే తేల్చుకోవాలి.

తైవాన్ ఫ్యాక్టరీలో పుట్టి, విశ్వవిద్యాలయం బీరువాలో కొన్నాళ్లు మగ్గి, భూగోళశాస్త్రంలో పరిశోధన చేస్తున్న నీరజాక్షి చేతికొచ్చాను. పాత జాకెట్టు గుడ్డతో నాకు సంచీ కుట్టింది. "పాపం, కోడలి ఫోను ఒక్కనాడూ మోగదేం?" అని నన్ను ఫోననుకుని వాళ్లత్తగారు జాలిపడేది.

కార్చిచ్చు ఊళ్లను ఏ దారిన చేరుతుందో పటం గీయాలని నీరజాక్షి పట్టుదల. నల్లమల అంచున మల్లెలపెంట అనే చెంచుగూడెం ఉంది. దాని వెనక గుట్ట ఏటా కాలుతున్నట్టు ఉపగ్రహ చిత్రాలు చూపించేవి. ఆ కాలిన నలుపు ఏటేటా గుడిసెల వైపు జరుగుతోంది. గూడెంలో పెద్దామె బయ్యమ్మను అగ్గి గురించి అడిగితే మాత్రం, "గా మాట అనకు బిడ్డా. మా దిక్కు అసొంటిదేం రాలే" అంది.

"నీ శాటిలైటేమో కాలిందంటుంది, నీ ఊరేమో కాల్లేదంటుంది. ఇద్దరికీ రాజీ కుదిర్చాకే థీసిస్ తీసుకురా తల్లీ" అన్నారు గైడుగారు.

మళ్లీ వెళ్లాం. ఈసారి నీరజాక్షి ప్రశ్నలు మాని, బయ్యమ్మ గడపలో పులిహోర డబ్బా విప్పింది. మాటల్లో మేకల సంగతొచ్చింది.

"మేకలకు గడ్డేది బిడ్డా? మొన్న చుట్టమొచ్చి గుట్టంత తినిపోయిండు."

"గుట్టంతా తినే చుట్టమా అవ్వా!"

బయ్యమ్మ కోడలు ఈరమ్మ పకపకా నవ్వింది. "ఎండకాలం దాని పేరెత్తితే పిలిచినట్టేనక్కా. గందుకే చుట్టమంటం."

నీరజాక్షి పసుపు వేళ్లతోనే నన్ను లాక్కుంది. "అయితే ఆ చుట్టం ఏ దారిన వస్తాడు?"

గూడెమంతా లేచింది. గుట్ట మీది వెదురు పొదల నుంచి ఎండిన వాగు దాకా, వాగు దాటి గుడిసెల దాకా వాళ్లు నడిచి చూపించారు. నేను ప్రతి మలుపూ గుర్తుపెట్టుకున్నాను. ఆ దారిని పటం మీద వేస్తే సరిగ్గా నలుపు మీదే పడింది! థీసిస్ గట్టెక్కింది. అంతకన్నా ముఖ్యంగా, గూడెంవాళ్లు వాగు వెంట గడ్డి చెక్కి అగ్గికి అడ్డుగీత వేసుకున్నారు.

నీరజాక్షి ప్రొఫెసరైంది. ఎన్నో గుట్టలు తిరిగాం. ఏ ఊరెళ్లినా ఆమె మొదటి ప్రశ్న ఒకటే: "దాన్ని మీరేమని పిలుస్తారు?"

ఇప్పుడు ఆమె గదిలో అద్దాల బీరువాలో ఉంటున్నాను. ఫోన్లలోనే దారులు చూసుకునే విద్యార్థులు నన్ను చూసి నవ్వుతారు. నవ్వనీండి. నా మీట మీద ఆ పసుపు మరక ఇంకా ఉంది.

నిన్న ఈరమ్మ ఫోను చేసింది. "అక్కా, చుట్టం మల్లొచ్చిండు. వాగు కాడనే ఆగిండు."

"మరి మర్యాద చేశారా?"

"చెయ్యకుంటమా? నీళ్లిచ్చి పంపినం!"