ఫ్లాగ్‌స్టాఫ్‌లో రాజ్మా మడి

నా భర్త లక్ష్మీపతి మార్చిలో పోయారు. ఏటా జూన్‌లో ఆయన చేసే పని ఒకటి నా మీద పడింది. రాజ్మా విత్తనం తీసుకుని కొండ మీదున్న ఫ్లాగ్‌స్టాఫ్ ఊరికి వెళ్లి, నాటి రావాలి. కానీ విత్తనం లేదు. ఆ సంగతి, అక్కడ మడి సిద్ధం చేసి ఎదురుచూస్తున్న శశికాంత్‌కి చెప్పడానికి బయల్దేరాను. ఫోన్‌లోనే చెప్పాలని చూశాను. మా ఆయన ప్రస్తావన రాగానే ఫోన్ పెట్టేశాను.

కారు పద్మ నడుపుతోంది. ఇక్కడ అమెరికాలో, చాండ్లర్‌లో మా వీధిలోనే ఉంటుంది. ఊళ్లో స్కూలు దాకా నేను నడుపుతాను గాని, కొండ రోడ్డు ఎప్పుడూ ఆయనే నడిపేవారు. పార, నీళ్ల గొట్టం, ఆయన టోపీ అక్కడున్నాయి, తెచ్చుకోవాలని పద్మతో చెప్పాను. అది నిజమే. విత్తనాల గురించి మాత్రం చెప్పలేదు. వాటిని వండింది తనే.

ఆ రాజ్మా హిమాలయాల్లోని పిథోరాగఢ్ జిల్లాది. పెళ్లయిన కొత్తలో మేమిద్దరం అక్కడ ఉన్నాం. ఆయన మట్టి పరీక్షలు చేసే శాస్త్రవేత్త, నేను టీచర్ని. ఒకే జిల్లాలో ఇన్ని వాతావరణాలు ఉంటాయని నాకు అక్కడే తెలిసింది. నది ఒడ్డున వరి, అరటి. కాస్త పైకి ఎక్కితే గోధుమ, రాగి. ఇంకా పైన, చలికాలమంతా మంచు కప్పే మెట్ల పొలాల్లో రాజ్మా, బంగాళాదుంప. ఎండ తగిలే వాలు తొందరగా ఎండిపోతుంది. నీడ వాలులో మంచు ఆలస్యంగా కరిగి, తేమ నిలుస్తుంది. వాన జులైలో మొదలై సెప్టెంబరులో ఆగుతుంది. ఆ లోపల పంట చేతికి రావాలి. వడగళ్లు పడితే ఆ ఏడు ఏమీ లేదు. కాలవలు లేవు, ట్రాక్టరు తిరిగే చోటు లేదు. మట్టి వానకి కిందికి జారితే ఆడవాళ్లు బుట్టలతో మళ్లీ పైకి మోసేవాళ్లు.

మాకు విత్తనం ఇచ్చిన ఊళ్లో ఇప్పుడు ఎవరూ లేరు. అందరూ కిందికి, పట్నాలకి దిగిపోయారు. మెట్లన్నీ గడ్డి కప్పేసిందని రెండేళ్ల క్రితం ఆయనకి కబురు వచ్చింది. ఆ రకం రాజ్మా, ఆయనకి తెలిసినంతలో, మా ఇంట్లోనే మిగిలింది.

నాకు ఇక్కడ స్కూల్లో ఉద్యోగం రావడంతో అమెరికా వచ్చాం. ఆయనకి పనిచేసే అనుమతి లేదు. అనుమతి పత్రాలతో వెంట తెచ్చుకున్న విత్తనాన్ని చాండ్లర్‌లో నాటారు. తీగ పాకింది, పూసింది, ఆ ఎండకి పూత మొత్తం రాలిపోయింది. అప్పుడు మ్యాపు ముందేసుకుని ఫ్లాగ్‌స్టాఫ్ మీద వేలు పెట్టారు. ఎత్తు దాదాపు ఆ ఊరి ఎత్తే. వాన కూడా జులైలోనే. అక్కడ యూనివర్సిటీ ల్యాబులో పనిచేసే శశికాంత్ అద్దె ఇంటి వెనక చోటు దొరికింది. అప్పట్నుంచి ఏటా జూన్‌లో నాటడం, సెప్టెంబరులో మంచు పడేలోపు కోసుకురావడం, మంచి గింజలు ఏరి గాజు సీసాలో పోసి వంటింటి పక్క ప్యాంట్రీలో పెట్టడం. సీసా మీద పేరు రాయలేదు. మా ఇంట్లో మా ఇద్దరికీ తెలుసు, అంతకంటే ఎవరికి తెలియాలి.

ఆయన పోయాక, మైల రోజుల్లో మా పొయ్యి వెలగలేదు. స్నేహితులు వంతులు వేసుకుని వండి తెచ్చారు. మొన్న విత్తనం కోసం వెతికి, సీసా కనబడక పద్మకి ఫోన్ చేశాను.

"రాజ్మానా అక్కా? ప్యాంట్రీ సర్దుతుంటే కనిపించాయి. పురుగు పడుతుందని నా వంతు రోజు నానబెట్టి వండేశాను. డల్లాస్ నుంచి మీ వాళ్లు చాలామంది వచ్చారుగా. సీసా కడిగి ఇస్తా, నా దగ్గరే ఉంది" అంది.

సరేనన్నాను.

కారు ఎడారి దాటి ఎత్తు ఎక్కుతోంది. పెద్ద కాక్టస్‌లు వెనకపడ్డాయి.

"ఏసీ ఆపమని బోర్డు పెట్టాడక్కా. ఇంజిన్ హీటెక్కుతుందంట. ఇప్పుడు మనం హీటెక్కితే పర్లేదా?" అంది పద్మ, అద్దాలు దించుతూ.

"కాసేపట్లో చల్లబడుతుంది. పైన్ చెట్లు వచ్చేస్తాయి."

"మీరు ఎప్పుడూ క్లాసులో ఉన్నట్టే మాట్లాడతారు. నేను నోట్స్ రాసుకోవాలేమో." కొంచెం ఆగి అంది, "నిద్ర పడుతోందా?"

"పడుతోంది."

"అబద్ధం."

నేను కిటికీ బయటికి చూశాను. పొట్టి జూనిపర్ పొదలు, తర్వాత పైన్ చెట్లు. గాలి మారింది. ఇక్కడికి రాగానే ఆయన గట్టిగా ఊపిరి పీల్చి, ఇల్లొచ్చింది అనేవారు. చాండ్లర్ గురించి ఆ మాట ఎప్పుడూ అనలేదు.

శశికాంత్ ఇంటి వెనక వాకిట్లోనే ఉన్నాడు. మడి నల్లగా, గుల్లగా తవ్వి ఉంది. తీగ పాకడానికి కర్రలు కూడా పాతేశాడు.

"దండం అక్కా. మట్టి మొత్తం తయారు జేసిన. సార్ జెప్పినట్టే పేడ ఎరువు కలిపిన. విత్తనాలు తెచ్చిన్రా?"

నేను జవాబు చెప్పేలోపే పద్మ నవ్వింది. "ఏం విత్తనాలు? పెళ్లి చేసుకోకుండా వ్యవసాయం మొదలెట్టావా శశికాంత్?"

"రాజ్మా అక్కా. సార్‌ది. ఆ కొండల్నుంచి తెచ్చింది. ఇన్నేండ్లు నా ఇంటెనక పండిచ్చిండు గని, నన్ను ఒక్క గింజ తిననియ్యలే. విత్తనం తినొద్దురా అని మొత్తం సీసల పోస్కపోయేటోడు. దాని రుచెట్లుంటదో నాకింకా తెల్వదు."

పద్మ నవ్వు ఆగింది. నా వైపు చూసింది.

"గాజు సీసాలోవి, కదా?"

"అవును."

"మొత్తం అవేనా? ఇంకెక్కడా లేవా?"

"లేవు."

శశికాంత్ ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. విషయం అర్థమైంది కాబోలు, గొట్టం చుట్టే వంకతో పక్కకి వెళ్లాడు.

పద్మ మడి గట్టు మీద కూర్చుంది. "మీరు ఫోన్ చేసినప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"చెబితే తిరిగి రావుగా."

"అది కాదక్కా. ఇంతసేపు నా పక్కనే కూర్చుని వచ్చారు. నేను జోకులేస్తుంటే విన్నారు. నా మీద అరిచినా బాగుండేది. నేను పరాయిదాన్నా?"

ఆమెకి బాధ కలగకూడదని దాచాను. దాచడమే బాధ పెడుతుందని నాకు తోచలేదు. పక్కన కూర్చున్నాను.

"ఆయన పోయిన దగ్గర్నుంచి నేను ఏమీ తినలేదు, గుర్తుందా? అందరూ బతిమాలారు. నువ్వు ఆ రోజు కంచంలో అన్నం కలిపి చేతికిచ్చావు. అదే తిన్నాను. ఎందుకు తినగలిగానో అప్పుడు తెలియలేదు."

"రాజ్మా కూర," అంది పద్మ మెల్లగా.

"కాస్త తియ్యగా ఉంటుంది. తొందరగా ఉడుకుతుంది. ఆ కొండల్లో అందరూ చెప్పేది అదే. తినేటప్పుడు ఎక్కడో తిన్నట్టుందనుకున్నాను, అంతే. మళ్లీ పెట్టమని అడిగాను కూడా."

"రెండుసార్లు వడ్డించాను," అంది. కొంగు లేదు గనక చొక్కా చేతితో కళ్లు తుడుచుకుంది. నేను ఏడవలేదు. అలసిపోయాను.

శశికాంత్ మూడు కప్పుల టీ తెచ్చాడు. కప్పులు మా చేతికిస్తూ అన్నాడు. "అక్కా, మడి ఊకె ఉంచుడెందుకు? ఇంట్ల ఆలుగడ్డలు మొలకలొచ్చినయ్. పారేద్దామనుకున్న, అవే పెడ్దామా?"

"ఆయన ఒప్పుకునేవారా?" అని పద్మ నన్ను అడిగింది.

"ఒకే మడిలో ఏటేటా అదే పంట వేయకూడదని రైతులందరికీ చెప్పేవారు. తను మాత్రం ఇక్కడ అదే వేశారు. అక్కడైతే రాజ్మా తర్వాత దుంపే వేస్తారు."

శశికాంత్ దుంపల సంచి, రెండు కత్తులు తెచ్చి మా ముందు పెట్టి, పాతిన కర్రలు పీకడానికి వెళ్లాడు. పద్మ ఒక దుంప తీసుకుని కూరకి తరిగినట్టు సన్నగా కోయబోయింది.

"అలా కాదు," అన్నాను. "ప్రతి ముక్కకీ ఒక మొలకైనా ఉండాలి. పెద్దగా కోయి."

"చెప్పండి టీచర్ గారూ," అంది ముక్కు ఎగపీలుస్తూ. "ముందే చెప్పండి ఇకనుంచి."

చెబుతానన్నాను. ఆమె ముక్క కోసి చూపించింది. బాగానే ఉందన్నాను. ఇంకో దుంప తీసుకున్నాం.