సున్నం ముంత

దీనమ్మకి కళ్లు కనపడవు. ఈ సంగతి ఆవిడకి తెలుసు, దేవుడికి తెలుసు, ఇప్పుడు మీకు తెలుసు. కొడుకు లాజరుకి తెలీదు, కోడలు సుందరికి తెలీదు. ఇద్దరూ పంతుళ్లే, ఊళ్లో పిల్లల తప్పులన్నీ దిద్దేవాళ్లే. ఇంట్లో ముసలావిడ చూపు పోయి రెండేళ్లయినా కనిపెట్టలేకపోయేరంటే నమ్ముతారా? నమ్మాలి మరి. వేళకి వేడన్నం కంచంలో పడుతుంటే, వడ్డించేవాళ్ల కళ్లకేసి ఎవరు చూస్తారండీ.

ఆవిడ వండేది పెరట్లో తాటాకుల పాకలో. ముప్ఫయ్యేళ్ల వంట. గుమ్మం దాటి మూడడుగులు వేస్తే పొయ్యి, కుడిచేతికి ఉప్పు జాడీ, దాని వెనక చింతపండు కుండ, నెత్తిమీద ఉట్టిలో పెరుగు. అన్నం ఉడికిందో లేదో చప్పుడు చెప్పేది, పోపు వేగిందో లేదో వాసన చెప్పేది. చూపు కొద్దికొద్దిగా మసకేసి ఆఖరికి వెలుగూ నీడా తప్ప ఏమీ మిగల్లేదు గానీ, ఆ పాకలో ఆవిడ చెయ్యి ఒక్కనాడూ తప్పు చోట పడలేదు.

చెప్పెయ్యొచ్చు కదా అంటారు. దీనమ్మ తల్లికీ ఇలాగే చూపు పోయింది. పోయిందని తెలిసిన రోజే కోడళ్లు ఆవిడ చేతిలో గరిట తీసేసుకుని అరుగు మీద కూర్చోబెట్టేరు. పన్నెండేళ్లు అక్కడే కూర్చుంది మహాతల్లి. కంచం దగ్గిరకి తోసి తినమనేవారు, కాకుల్ని తోలుకోమని చేతికో కర్ర ఇచ్చేరు. ఆ కర్ర అరుగుకి తగిలే టకటక దీనమ్మ చెవుల్లోంచి ఇప్పటికీ పోలేదు. ఆవిడ ప్రార్థనలో అడిగేది ఒక్కటే. మనవరాలు హన్నాకి మధ్యాహ్నం పూట తన చేత్తో అన్నం పెట్టుకునే భాగ్యం పోగొట్టొద్దు ప్రభువా అని.

హన్నాకి ఏడేళ్లు. చదివేది ఊళ్లో బడిలోనే. లాజరు రాజోలు హైస్కూలుకి, సుందరి సఖినేటిపల్లి బడికి పొద్దున్నే వెళ్లిపోతే సాయంత్రం దాకా రారు. మధ్యాహ్నం గంట కొట్టగానే పిల్ల పరిగెత్తుకొచ్చి మామ్మ పక్కన పీట వాల్చుకునేది. ఆ అరగంటా దీనమ్మది.

ఇలా ఉండగా, ఎనభై నాలుగులో లాజరుకి గ్యాసు కనెక్షను వచ్చింది. ఎప్పుడో రాయించుకున్నది. ఇంక వాడి ఆనందం చెప్పనలవి కాదు. అమ్మ ఆ పొగలో కళ్లు పాడుచేసుకుంటోంది, పాక పీకించేసి స్లాబు వంటిల్లు వేయిస్తాను, నిలబడి వండుకునేలా గట్టు కట్టిస్తాను, ఈస్టరు నాటికి అయిపోవాలి అన్నాడు. పొగ నాకు అలవాటేరా, ఉన్నదాన్ని ఉండనివ్వరా అని దీనమ్మ బతిమాలింది. పెద్దవాళ్లు అలాగే అంటారు కదా అనుకున్నాడు వాడు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు అంటారే, అచ్చం అదే అయింది. పాక పీకిన రోజు ఆవిడ చెంగు నోటికడ్డం పెట్టుకుని ఏడిస్తే, నాన్న కట్టిన పాక కదా అని కొడుకూ కళ్లు తుడుచుకున్నాడు.

నూతి పక్కన కొబ్బరాకుల పందిరి వేసేరు. మూడు ఇటికల పొయ్యి, సామాను పెట్టుకోడానికి ఒక బల్ల. అంతే వంటిల్లు. గోడ లేదు, గుమ్మం లేదు, చెయ్యి ఆనించుకోడానికి ఏదీ లేదు. గాలొస్తే మంట ఎటు తిరిగిందో తెలిసేది కాదు. మొదటి వారంలోనే మణికట్టు కాలింది. పులుసులో ఉప్పు రెండుసార్లు పడింది. ఈ పందిట్లో నా చెయ్యి కుదరట్లేదే అంటే, పర్లేదత్తయ్యగారండీ, రెండు నెల్లే కదా అంది సుందరి. పాపం ఆ పిల్ల మంచిదే. చూడదు గానీ మంచిదే.

పని చేసే మేస్త్రి సత్తియ్య. వాడంత వాగుడుకాయ కోనసీమలో ఇంకోడు ఉండడు. ఏం చేసినా నోటితో చెప్పి చేసేవాడు. మామ్మగారండీ, ఇసక మీ కుడి పక్కన పోయించేనండి. మామ్మగారండీ, మీ నూనె డబ్బా బల్ల చివరికి జరిపేనండి. మామ్మగారండీ, నూతి గట్టుకాడ ఇటికలున్నాయండి. తెల్లారింది మొదలు ఇదే గోల. దీనమ్మ విసుక్కునేది, కానీ ఆ గోల పట్టుకునే అడుగులు వేసేది. వాడు చెప్పిన చోటికి చెయ్యి వెళ్లేది, అక్కడ వస్తువుండేది. తనంతట తనే వెతుక్కున్నట్టు మనసుకి సర్దిచెప్పుకునేది.

సున్నం వేసే వారం వచ్చింది. వెల్ల గోడకి అంటుకుని ఉండాలంటే సున్నంలో గంజి కలపాలి, ఇంటివాళ్లే గంజి వార్చి ఇవ్వడం అక్కడి వాడుక. దీనమ్మ రోజూ గంజి ఇచ్చేది. గుడ్డలో వడకట్టిన మెత్తటి సున్నం పోసుకోడానికి ఒక ముంత కావాలని సత్తియ్య అడిగితే అదీ ఇచ్చింది. సంతలో జోడుగా కొన్న మట్టి ముంతలవి. ఒకదాంట్లో పెరుగు తోడుపెట్టి బల్ల చివర పెట్టుకునేది. రెండోది సున్నానికి పోయింది.

అవి లెంటు రోజులు, ఈస్టరు ముందర ఉపవాసాల కాలం. ఆ శుక్రవారం పొద్దున్న నూతి దగ్గర నలుగురు ఆడవాళ్లు నీళ్లు తోడుకుంటున్నారు. దీనమ్మ బిందె పట్టుకుని వస్తుంటే, మామ్మగారండీ, ఎడం పక్కకి రండి, ముందర తట్ట ఉందండి అని కేకేసేడు సత్తియ్య. ఆడవాళ్ల మాటలు ఆగిపోయేయి. నలుగురూ తన మొహంలోకే చూస్తున్నారనిపించి దీనమ్మ ఒళ్లు భగ్గుమంది.

"నేనేం గుడ్డిదాన్ననుకున్నావా? నోరు మూసుకుని నీ పని చేసుకో," అంది.

సత్తియ్య "ఆయ్" అన్నాడు. ఆ తర్వాత వాడి నోటెంట ఒక్క మాట రాలేదు.

కాసేపటికి కోళ్లు వచ్చి సున్నం ముంత చుట్టూ కెలకడం మొదలెట్టేయి. సత్తియ్య దానిమీద మూకుడు మూసి బల్ల మీదకెక్కించేడు. చోటు చాలక పెరుగు ముంతని వెనక్కి జరిపి, దీన్ని ఆ చోట్లో పెట్టేడు. ఇంకో రోజైతే ఆ మాట మూడుసార్లు చెప్పేవాడు. ఆ రోజు నోరు మూసుకోమన్నారు కదా, మూసుకున్నాడు.

మధ్యాహ్నం హన్నా వచ్చింది. పప్పూ అన్నం తిని, పెరుగెయ్యి మామ్మా, బేగా, గంట కొట్టేస్తారు అంది. దీనమ్మ బల్ల చివర ముంత అందుకుంది. మూకుడు తీసి గరిట ముంచితే మెత్తగా, చల్లగా, గడ్డపెరుగులా తెగింది. పెరడంతా సున్నం వాసనే, ఇంక ముక్కేం చెబుతుంది? మామూలుగా అయితే అరచేతిలో చుక్క వేసుకుని పులిసిందేమో చూసి గానీ పిల్లకి వెయ్యదు. శుక్రవారం ఉపవాసం. పొద్దు వాలేదాకా ఉప్పుకల్లు కూడా నాలిక్కి తగలనివ్వదు. రెండు గరిటెలు వేసింది.

హన్నా పెట్టిన కేకకి నూతికాడ కాకులు లేచిపోయేయి. ఏమైందే, ఏమైందమ్మా అని దీనమ్మ గాలిలో చేతులాడిస్తోంది, పిల్ల అందట్లేదు. సత్తియ్య గోడ దిగి ఒక్క పరుగున వచ్చి, నీళ్లు కొట్టి కొట్టి నోరు కడిగేడు, కొబ్బరినూనె రాసేడు, పిల్లని సైకిలు మీద కూర్చోబెట్టుకుని రాజోలు తొక్కేడు. గొంతులోకి దిగలేదు, బతికించేరు అన్నారట డాక్టరు గారు. నాలికా పెదాలూ పొక్కిపోయేయి. పది రోజులు కొబ్బరినీళ్లూ చల్లారిన జావే.

సాయంత్రం పెరట్లో నిలబెట్టి అడిగేడు లాజరు. వంట బల్ల మీద సున్నం పెట్టిందెవరు అని. జీవితంలో ఎవర్నీ ఒరే అనని మనిషి.

"నాదే తప్పండి. చెప్పకుండా పెట్టేసేనండి," అన్నాడు సత్తియ్య.

"ఒరే, రేపట్నించీ నా గుమ్మం తొక్కకు," అన్నాడు లాజరు.

దీనమ్మ అక్కడే ఉంది. తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనలేదు. పిల్లకి సున్నం పెట్టింది తను, మాట పడుతున్నది వాడు. నోరు విప్పితే గరిట పోతుంది, అరుగూ కర్రా వస్తాయి. ఛీ, ఎంత పాపిష్టి భయం అని తనకే అనిపించింది.

సత్తియ్య తాపీ, తూకంగుండు సంచిలో వేసుకుని వెళ్తూ ఆవిడ దగ్గిర ఆగేడు. ఎవరికీ వినపడకుండా, మెల్లిగా చెప్పేడు.

"మామ్మగారండీ, దారిలో ఇటికలు తీసేసేనండి. బల్ల మీద ఏవున్న చోట అవి పెట్టేసేనండి. నూతికాడ ఒక్కచోట మట్టుకు పాచి ఉందండి."

అప్పుడు తెలిసింది దీనమ్మకి. ఇన్నాళ్లూ వాడు వాగింది వాగుడు కాదు. వాడికి తెలుసు. మొదటి వారం నించీ తెలుసు. తెలిసి కూడా తనని పట్టిచ్చెయ్యకుండా తప్పు నెత్తినేసుకుని పోతున్నాడు. ఇంక ఆవిడ వల్ల కాలేదు.

"లాజరూ, వాణ్ణి ఆపు. ఆ ముంత నేను చూళ్ళేదురా. ఏ ముంతా చూళ్ళేదు. రెండేళ్లయింది నాకు కళ్లు కనపడి."

లాజరు దగ్గిరకొచ్చి ఆవిడ మొహం ముందు చెయ్యి ఆడించేడు. రెప్ప వాల్లేదు. వాడు అక్కడే ఇసకలో చతికిలబడిపోయేడు. సుందరి అరవలేదు, తిట్టలేదు. ఒక్కటే అడిగింది.

"రెండేళ్లనించీ ఇలాగే పెడుతున్నారాండీ మా పిల్లకి?"

మా పిల్ల అంది. అంతకుముందు ఎప్పుడూ మీ మనవరాలు అనేది.

మర్నాడు లాజరు స్వయంగా వెళ్లి సత్తియ్యని పిలుచుకొచ్చేడు. తెలిస్తే నాకెందుకు చెప్పలేదయ్యా అంటే, మామ్మగారే చెప్పుకోలేదు కదండీ, నేనెవర్నండి చెప్పడానికి అన్నాడట.

ఈస్టరుకి వంటిల్లు అయిపోయింది. పాస్టరు గారు వచ్చి ప్రార్థన చేసేరు, సుందరి గ్యాసు వెలిగించింది. దీనమ్మకి వరండాలో కుర్చీ వేసేరు. కర్ర ఇవ్వలేదు, కంచం తొయ్యలేదు, చేతికే అందిస్తున్నారు. కళ్లలో పొరలు ముదిరేయనీ, వేసవి వెళ్లేక ఆపరేషను చేస్తే చూపు రావచ్చనీ కాకినాడ డాక్టరు అన్నారు. రావచ్చు, రాకపోనూ వచ్చు. వంటింట్లో గిన్నెల చప్పుడు వింటూ ఆవిడ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

అప్పుడొచ్చింది హన్నా, పెరుగన్నం గిన్నె పట్టుకుని. అమ్మ కలిపిచ్చింది, నువ్వే పెట్టు మామ్మా అంది. దీనమ్మకి ప్రాణం లేచొచ్చింది. ముందు తను ఒక మెతుకు నోట్లో వేసుకుని, బాగుందే అని చెప్పి, ముద్ద చేసి చెయ్యి చాపింది.

ముద్ద వెంటనే అందుకోలేదు పిల్ల. చిన్న ఊపిరి వినబడింది. వాసన చూసింది. అప్పుడు తింది. రెండో ముద్దకీ అంతే. ఎవరూ చెప్పలేదు దానికి, దానంతట అదే చూస్తోంది.

మూడో ముద్ద మాత్రం దీనమ్మ తిన్నగా నోటికి పెట్టలేదు. హన్నా ముక్కు దగ్గిర పట్టుకుని, ఆ ఊపిరి వినబడేదాకా ఆగి, అప్పుడు నోటికందించింది. గిన్నె ఖాళీ అయ్యేదాకా అలాగే పెట్టింది.